నీడ దావా

పద్నాలుగో వాయిదా

నీటి ప్లీడర్ల నిబంధనల్లో ఒకటుంది: పట్టిన ప్రతి దావాకీ, వాయిదా వాయిదాకీ దినచర్య రాసి కోర్టు పీఠానికి దాఖలు చెయ్యాలి. గట్టు మీది ప్లీడర్లకి ఈ బాధ లేదు. వాళ్ళు కాలేజీలో చదివారు కనక వాళ్ళ మీద నమ్మకం. మేం చదవలేదు కనక మా మీద నిఘా. సరే, రాస్తున్నాను. ఎవరూ చదవరని తెలుసు కాబట్టి అణకువగా రాయాల్సిన అవసరమూ లేదు.

నా పేరు ఓలేటి మరిడమ్మ. ఉండేది నడిమిలంక తెప్ప మీద. చేసే పని తెప్ప కింది ప్లాస్టిక్ డ్రమ్ములకి చిల్లులు పడితే వేడి ఇనుముతో అతకడం. మా తెప్ప మధ్యలో కోర్టు వాళ్ళు పాతిన పిలుపు స్తంభం ఉంది. దానికో మైకు, ఓ కెమెరా. మా కేసు పిలవని రోజుల్లో అది పొద్దంతా గట్టు మీది తీర్పులు చదువుతూ ఉంటుంది. మిగతావాళ్ళు దాని మీద తడిబట్ట కప్పి నిద్రపోతారు. నేను డ్రమ్ములు అతుకుతూ విన్నాను. ఏళ్ళ తరబడి విన్నాను. నీళ్ళ మీది జనానికి వకాల్తా తీసుకునే దిక్కు లేదని పీఠం పరీక్ష పెడితే రాసి, గట్టెక్కాను. గట్టెక్కడమంటే మాటవరసకే. మాకు గట్టు ఎక్కే చీటీలు ఇవ్వరు.

దావా సంగతి. మా తెప్ప కింద నీళ్ళు, ఆ నీళ్ళ అడుగున నడిమిలంక ఊరు. ఊరు మునిగింది గానీ సర్వే నంబర్లు మునగలేదు. మేం లంగరు వేసుకున్నది రెండువందల పన్నెండో నంబరు మీద. ఆ నేల సుభద్రమ్మ గారిది. ఆవిడ పోయాక మనవడు విశ్వనాథరాజుకి దఖలు పడింది. ఆయన దాన్ని నాచు కంపెనీకి కౌలుకిస్తానన్నాడు. నాచు పెరగాలంటే ఎండ అడుగుదాకా దిగాలి. మా తెప్ప నీడ అడ్డం. అందుకని మా మీద నీడ దావా వేశాడు. "నా నేల మీద వీళ్ళ నీడ పడుతోంది, తొలగించండి."

తొలగిస్తే ఎక్కడికి పోవాలి? పాత కరకట్టకి ఇవతలున్న నీళ్ళన్నీ ఎవరో ఒకరి నంబరు, ప్రతి నంబరులోనూ నాచే. ఖాళీ ఉన్నది కట్ట అవతల, నడిసంద్రంలో. కిందటేడు గుర్రాలదిబ్బ తెప్పని ఇలాగే డిక్రీ చేసి అటు పంపారు. తుఫాను వెలిశాక రెండు డ్రమ్ములు మా దగ్గరికి కొట్టుకొచ్చాయి. వాటి మీది అతుకులు నా చేతివే. మనుషులు మాత్రం రాలేదు.

ఇవాళ కేసు పిలిచారు. వాది తరపు ప్లీడరు భువనమూర్తి గారు గట్టు మీద తన గదిలోంచి గొంతు సవరించుకున్నారు. నేను ఇనుము పక్కన పెట్టి మైకు దగ్గరికి వెళ్ళాను. ఇంతలో మబ్బు పట్టింది. పీఠం నడిచేది ఎండతో. రెప్పపాటులో తీర్పు చెప్పే యంత్రం వస్తే వాయిదాలు ఉండవని మా నాన్న కాలంలో సంబరపడ్డారట. యంత్రం వచ్చింది, వాయిదాలు పోలేదు. ఇదివరకు జడ్జీ గారికి జలుబు చేసేది, ఇప్పుడు ఆకాశానికి చేస్తోంది.

"ఏమ్మా, నీటి ప్లీడరూ, ఈసారి కూడా మబ్బు నీ పక్షమే" అన్నారు భువనమూర్తి గారు.

"దానికి ఫీజు ఇవ్వక్కర్లేదు కదండీ, అందుకని" అన్నాను.

ఆయన నవ్వారు. మంచి నవ్వే. అదే నాకు మంట.

పదిహేనో వాయిదా

మబ్బు. వాయిదా.

పనిలో పనిగా తెప్ప మీద అందర్నీ కూర్చోబెట్టి, కేసు ఏమిటో చెప్పాను. నా దగ్గర ఒకే ఒక్క వాదన ఉంది. ఒకడి నేలని ఇంకొకడు పన్నెండేళ్ళు విడవకుండా, అందరికీ తెలిసేలా, ఎవరి అనుమతీ లేకుండా తన సొంతంలా అనుభవిస్తే, అసలువాడు ఆ తర్వాత లేవమనడానికి లేదు. మనం ఇక్కడ లంగరు వేసి పన్నెండేళ్ళు దాటిపోయింది.

"అంటే దొంగతనం చేసి దొరక్కపోతే మనదైపోద్దన్నమాట" అన్నాడు ఏసుబాబు బాబాయ్. తెప్పకి పెద్ద ఆయనే. లంగరు వెయ్యాలన్నా ఎత్తాలన్నా ఆయన మాటే.

"దొంగ దాక్కుంటాడు బాబాయ్. మనం దాక్కోలేదు. దబాయించి కూచున్నాం."

"మనమా? దబాయించామా?" ఆయన చుట్టూ చూశాడు. "ఒసే మరిడీ, పోలీసు లాంచీ కనబడితే పంచె సర్దుకునేవోళ్ళం మనం."

అందరూ నవ్వారు. సూరాయమ్మ మామ్మ నవ్వలేదు. తెప్ప మీద అందరికన్నా పెద్దావిడ. మొదటి లంగరు గొలుసు పట్టుకున్న పెద్దల చేతుల్లో బతికున్నవి ఆవిడవే. "నేల ఆరిది కదే" అంది. "మనదని ఎలా అంటావే కోర్టులో?"

"కోర్టు ఆ మాటే అడుగుతుంది మామ్మా. మాది అన్నట్టు ఉన్నారా లేదా అని."

"ఉన్నట్టు ఉన్నాం. అంతే."

నేను పట్టించుకోలేదు. పెద్దవాళ్ళు అలాగే అంటారనుకున్నాను.

పదహారో వాయిదా

పీఠం ఓ కమిషనర్ని పంపింది. అంటే తనకి కాళ్ళు లేవు కాబట్టి వెళ్ళి చూసొచ్చే ప్లీడరు. కుర్రవాడు. లాంచీ దిగకముందే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆడవాళ్ళు నిమ్మకాయ చేతిలో పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, విసిరి, లేపి కూర్చోబెట్టారు. వాడు లేచాక మొదటి మాట "వాది నేల ఆక్రమించింది మీరేనా?" అని. "మేమేనండి, ఇంకో నిమ్మకాయ కావాలాండి?" అన్నారు వీళ్ళు.

మా దగ్గర కాగితాలు లేవు. ఉప్పుగాలికి ఏ కాగితమూ రెండేళ్ళు ఉండదు. నేను గొలుసు చూపించాను. లంగరు గొలుసు కింది కొస మునిగిపోయిన రైసుమిల్లు గొట్టానికి చుట్టి ఉంటుంది. దాన్ని పైకి లాగితే మనిషి నడుమంత లావు. ఇనుము కనబడదు, అంతా గుల్లలే. గుల్ల మీద గుల్ల, దాని మీద ఇంకో గుల్ల. కమిషనరు ఒక ముక్క కోయించి, గుల్లల మీద ఏటేటా పడే గీతలు లెక్కపెట్టించి, పీఠానికి పంపాడు. గొలుసు ఒక్కసారి విప్పి ఉన్నా ఆ గుల్లలు రాలిపోయేవి.

ఎండ బాగా కాసింది. పీఠం వెంటనే రాసింది: ప్రతివాదుల స్వాధీనం నిరంతరం, బహిరంగం. రెండు అంశాలూ రుజువు.

మైకు మీద తడిబట్ట తీసేసి మళ్ళీ చదివించుకున్నారు మావాళ్ళు. ఏసుబాబు బాబాయ్ తలపాగా విప్పి నా నెత్తిన కట్టాడు. "ఇంక ఈ పిల్లని డ్రమ్ముల కాడికి పంపకండి, చేతులు కాలతాయ్" అన్నాడు. చేతులు కాలి ఎన్నాళ్ళయిందో ఆయనకి తెలీదు.

ఇంక ఒక్కటే మిగిలింది: అనుమతి లేకుండా ఉన్నామా లేదా. అనుమతి ఎవరిచ్చారు గనక? ఈ తెప్ప మీద ఒక్కడి పేరుతోనైనా ఒక్క చీటీ ఏ గట్టు మీదనుంచైనా వచ్చిందా? నాకు భయం లేకపోయింది.

పదిహేడో వాయిదా

భువనమూర్తి గారు సూరాయమ్మ మామ్మని విచారిస్తానని అర్జీ వేశారు. ఆవిడ కదల్లేని మనిషి కాబట్టి తానే తెప్ప మీదికొస్తానన్నారు. పీఠం సరేనంది.

ఇలాంటప్పుడు గట్టు ప్లీడర్లు సాక్షిని తయారు చేస్తారు. అబద్ధం నేర్పడం కాదు, అడిగినంతే చెప్పడం నేర్పడం. సివిల్ కేసుల్లో మంచివాళ్ళు ఓడిపోయేది అబద్ధం చెప్పి కాదు, అడగనిది చెప్పి. ఎవరిది న్యాయమో ఎవరూ అడగరు. రుజువు చేసే బరువు ఎవరి నెత్తిన ఉందో అదే అడుగుతారు. నేను మామ్మ ఎదురుగా కూర్చుని భువనమూర్తి గారిలా గొంతు పెట్టాను.

"సుభద్రమ్మ గారు మీకు తెలుసా?"

"తెలీకపోడమేటే! దేవతలాంటి మనిషి."

"మామ్మా, 'తెలుసు' అని ఆపెయ్."

"ఆపేశాను."

"ఆవిడ ఎప్పుడైనా మిమ్మల్ని ఇక్కడ ఉండమన్నారా?"

"లేదే. మేం అడగలేదు, ఆవిడ అన్లేదు."

"భేష్. ఆవిడతో మీకు రాకపోకలు ఏమైనా ఉన్నాయా?"

"బుట్ట పంపేవోళ్ళం గదా."

నా చేతిలో విసనకర్ర ఆగిపోయింది. "ఏ బుట్ట?"

మామ్మ చెప్పింది. సంక్షిప్తంగా చెప్పడం ఆవిడకి రాదు, నేనే సంక్షిప్తంగా రాస్తున్నాను. లంగరు వేసిన ఏడాది నుంచీ, ఏటేటా పీతల కాలం రాగానే మొదటి బుట్ట పీతలు, చందువా చేపలు సుభద్రమ్మ గారి గట్టు కిందికి పడవలో పంపేవారు. ఒకరి నేల మీద కూర్చుని తింటున్నప్పుడు మొదటి ముద్ద ఆ ఇంటికి చూపించకుండా ఎలా తింటాం అని. సుభద్రమ్మ గారు బుట్ట ఖాళీగా తిప్పి పంపేవారు కాదు. ఏ ఇల్లాలు పంపుతుంది గనక? అందులో బెల్లం దిమ్మ, పసుపు, ఓ రవికెల గుడ్డ, ఓ ఏడాది పసిపిల్లలకని వెన్న.

ఆ బెల్లం నేనూ తిన్నాను. తెప్ప మీద పిల్లలందరం చప్పరించిన బెల్లమే అది. ఎక్కణ్ణుంచి వచ్చేదో ఎప్పుడూ అడగలేదు. బెల్లం దొరికిన పిల్లలు అడగరు.

"ఇంకా పంపుతున్నారా?"

మామ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. "ఆవిడ పోయాక మనవడి గారికి పంపేం. బుట్ట ఖాళీగా తిరిగొచ్చింది. పడవలో ఏసుబాబే తెచ్చేడు. మర్నాటేడు నుంచి పంపడం మానేసేం. అది మనకి అవమానం గదా, ఎవళ్ళకీ చెప్పొద్దన్నాను."

ఏటేటా బుట్ట పంపడమంటే నేల ఆవిడదని ఒప్పుకోవడమే, బెల్లం పెట్టి తిప్పి పంపడమంటే ఆవిడ ఉండనివ్వడమే. ఆవిడ మీద కేకలు వేశాను. "మామ్మా! పన్నెండేళ్ళు దొంగల్లా ఉండి ఉంటే గెలిచేవాళ్ళం! అడ్డగాడిదల్లా, సిగ్గు లేకుండా, ఒక్క చేప తల కూడా ఇవ్వకుండా తిని ఉంటే ఈ నీళ్ళు మనవయ్యేవి!"

"అలా ఎలా తింటామే?" అంది మామ్మ. నిజంగా అర్థం కాక అడిగింది.

"రేపు ఈ సంగతి చెప్పకు."

"అడిగితే?"

"అడగరు. ఎవరికి తెలుసు గనక."

"అడిగితేనో?"

సాక్షితో అబద్ధం చెప్పించిన ప్లీడరు లైసెన్సు పోతుంది. పోతే పోయింది, కానీ ఈ ముసలిదాని చేత ఎవరు అబద్ధం చెప్పించగలరు? లైసెన్సు మాట తర్వాత.

పద్దెనిమిదో వాయిదా

భువనమూర్తి గారు ఓ తాటాకు గొడుగేసుకుని లాంచీ దిగారు. తెల్లటి పంచె. మావాళ్ళు చాప వేశారు, కొబ్బరినీళ్ళు ఇచ్చారు. ఆయన చెప్పులు తీసి మరీ చాప మీద కూర్చున్నారు. ఎండ నిప్పులా ఉంది. పీఠం మైకులోంచి కానివ్వమంది.

"పెద్దమ్మా, సుభద్రమ్మ గారు పోయినప్పుడు మీరు వచ్చారట గదా" అన్నారు. మొదటి ప్రశ్నే అది.

నేను లేచాను. "ఇది కేసుకి సంబంధం లేని ప్రశ్న."

"సమాధానం విన్నాక సంబంధం నిర్ణయిస్తాను" అంది పీఠం.

మామ్మ కళ్ళు అప్పటికే నిండిపోయాయి. "వచ్చేం బాబూ. చీటీల్లేవని గట్టు ఎక్కనివ్వలేదు. మెట్ల కిందే నిలబడ్డాం. శవం పైనుంచి పైనే ఎళ్ళిపోయింది. బాజాలు ఇనబడ్డాయి. దణ్ణం పెట్టుకుని ఒచ్చేసేం."

"అంత దగ్గరితనమా?"

"మా చేతి పీతలంటే పేణం ఆవిడికి."

"ఏటేటా పంపేవారా?"

మామ్మ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూడలేదు. నీళ్ళ వైపు చూశాను. నాకూ సిగ్గుంటుంది.

"పంపేవోళ్ళం బాబూ" అంది.

ఆయన ఆవిడని నెమ్మదిగా, ఎంతో ముద్దుగా, మొత్తం చెప్పించారు. చందువాలు, బెల్లం, రవికెల గుడ్డ రంగు కూడా. ఆయనకి ఇదంతా సుభద్రమ్మ గారి వంటావిడ చెప్పిందట. తమ మర్యాద ఇంకొకరికి గుర్తుందని మామ్మ మురిసిపోయింది. మధ్యలో ఆయన్ని "అన్నం తిని ఎళ్తారా?" అని అడిగింది. రికార్డులో ఆ మాట కూడా ఉంది.

అయ్యాక పీఠం తనంతట తాను ఓ ప్రశ్న వేసింది. ఆ గొంతులో కోపమూ లేదు, జాలీ లేదు. "సుభద్రమ్మ గారు ఎప్పుడైనా 'ఇక్కడ ఉండొద్దు, వెళ్ళిపోండి' అని ఉంటే మీరు ఏం చేసేవారు?"

"ఎళ్ళిపోయేవోళ్ళం బాబూ."

"వెంటనే?"

"ఎంటనే ఏటండీ, ఆవిడ నేలండి అది. ఎళ్ళమంటే ఎళ్ళకపోతే ఎలాగండి? మడుసులం కావేటండీ?"

భువనమూర్తి గారు గొడుగు మూశారు. ఇంకేం అడగనన్నారు. ఆయన ముఖంలో గెలుపు లేదు. ఉంటే తిట్టడానికి వీలుగా ఉండేది.

నేను మళ్ళీ ప్రశ్నించాను. "మామ్మా, బుట్ట పంపితేనే ఉండనిస్తామని ఆవిడ అన్నారా?"

"ఛ, ఛ! ఎంత మాటన్నావే! ఆవిడలాంటిదా?"

"బుట్ట పంపకపోతే?"

"పంపకపోడమేటే?"

ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆకాశం వైపు చూశాను. ఎక్కడా చిన్న మబ్బు ముక్క లేదు.

పందొమ్మిదో వాయిదా

వాదనలు.

తెల్లారిందగ్గర్నుంచి డ్రమ్ము ముట్టుకోలేదు. విన్న తీర్పులన్నీ బుర్రలో తిరగేసి రెండు దార్లు పట్టుకున్నాను.

మొదటిది. బుట్ట ఖాళీగా తిరిగొచ్చిన రోజున అనుమతి తెగిపోయింది, ఆనాటి నుంచి మాది ఎదిరింపు స్వాధీనమే. పీఠం ఒప్పుకుంది. వెంటనే ఒప్పుకుంది. "అయితే పన్నెండేళ్ళు ఆ రోజు నుంచి మొదలవుతాయి. గడిచినవి రెండే" అంది. అంటే ఆ మనవడు ఆ బుట్టలో ఓ బెల్లం ముక్క పడేసినా మేం ఓడిపోయేవాళ్ళం, పడెయ్యకపోయినా ఓడిపోయాం.

రెండోది. సరే, అనుమతే అనుకుందాం. ఒకరి అనుమతితో వాళ్ళ నేల మీద శాశ్వతమైన కట్టడం కట్టుకుంటే ఆ అనుమతి వెనక్కి తీసుకోడానికి లేదు. మేం బతుకంతా పెట్టి ఈ తెప్ప కట్టుకున్నాం. ఇళ్ళున్నాయి, బడి ఉంది, పురుడు పోసే గది ఉంది. నేను పుట్టలేదు గానీ నా తమ్ముళ్ళు ఇందులోనే పుట్టారు.

"తెప్ప నేలకి అతికి ఉందా?" అంది పీఠం.

"గొలుసుతో ఉంది."

"గొలుసు విప్పితే?"

"తేలుతుంది."

"తేలేది శాశ్వత కట్టడం కాదు. నిర్వచనం చూడండి."

నేను చూశాను. కంఠతా వచ్చు నాకు. ఆ నిర్వచనం రాసినప్పుడు దేశమంతా నేల మీద నిలబడి ఉంది. నీళ్ళొచ్చాక ఎవరూ దాన్ని మార్చలేదు. మార్చాల్సినవాళ్ళు పైనున్నారు, వాళ్ళ కాళ్ళ కింద ఇంకా రాయే ఉంది.

ఆ మాటే అన్నాను మైకులో. ఇంకా చాలా అన్నాను. "మీకు సిగ్గుందా? మర్యాద తెలిసినవాళ్ళని సముద్రంలోకి తోసి, సిగ్గులేనివాళ్ళకి పట్టా ఇచ్చే చట్టం ఎవరి కోసం? బుట్ట పంపితే బానిస, పంపకపోతే సొంతదారా?" అని అరిచాను.

"వాదన నమోదైంది" అంది పీఠం. "ఇంకేమైనా ఉందా?"

అరిస్తే వినబడుతుందనుకునే మనిషి ఎదురుగా ఉంటే కనీసం గొడవ అయినా అయ్యుండేది. దానికి అరుపూ ఒకటే, గుసగుసా ఒకటే. రెండూ నమోదవుతాయి.

తీర్పు రోజు

రికార్డు కోసం ఆ ముక్క యథాతథంగా:

"ప్రతివాదులు వాది పూర్వీకురాలి పట్ల చూపిన మర్యాద మెచ్చదగినది. ఆ మర్యాదే వారి స్వాధీనం ఆమె మనసుకి లోబడి ఉన్నదని నిరూపిస్తోంది. అనుమతి ఇచ్చిన వ్యక్తి మరణంతో అనుమతి ముగిసింది. దావా డిక్రీ చేయడమైనది."

మెచ్చదగినదట. ఏసుబాబు బాబాయ్ ఆ మాట రెండుసార్లు చదివించుకున్నాడు. "మనల్ని మెచ్చుకుంటే మరి ఓడిపోయేమంటావేటే?" అన్నాడు. ఆయన వెటకారం చెయ్యట్లేదు. వెటకారం చేసి ఉంటే బాగుండేది.

అప్పీలు వేశాను. స్టే అడిగాను. పై పీఠం వాయిదా ఇచ్చింది. ఆ తేదీ చూస్తే డిక్రీ అమలు తేదీకి చాలా అవతల ఉంది. ముందుకి జరపమని అర్జీ వేశాను. జరిపే అర్జీ కూడా అదే తేదీన వింటామన్నారు. ఆ లోపల మమ్మల్ని లేపేస్తారు. వాయిదా నోటీసు రెండువందల పన్నెండో నంబరుకి వస్తుంది. అక్కడ తీసుకోడానికి మనిషి ఉండడు. ప్రతివాదులు గైరుహాజరు, అప్పీలు కొట్టివేత. ఇది నాకు జ్యోతిష్యం తెలిసి చెప్పడం లేదు. గుర్రాలదిబ్బ అప్పీలు ఇలాగే పోయింది. ఆ తీర్పు కూడా డ్రమ్ములు అతుకుతూనే విన్నాను.

భువనమూర్తి గారు మైకులో విడిగా మాట్లాడారు. "అమ్మాయ్, నువ్వు చక్కగా వాదించావు. నీ వయసులో నాకు అంత చేతకాలేదు" అన్నారు.

"మీ క్లయింటుకి చెప్పండి. తుఫాను కాలం వెళ్ళేదాకా ఆగమనండి. అంతకన్నా ఏమీ అడగను."

"చెప్పాను. కంపెనీ విత్తనం జల్లే కాలం ఇదేనట" అన్నారు.

"మీరు వచ్చి మా చాప మీద కూర్చున్నారు."

"కూర్చున్నాను" అన్నారు. ఆ తర్వాత లైను తెగిపోయింది. ఆయన తెంచారో, మబ్బు తెంచిందో తెలీదు.

అమలు రోజు

అమీను దాలయ్య వచ్చాడు. డిక్రీని చేతల్లో పెట్టేది అమీనే. యంత్రం తీర్పు చెబుతుంది గానీ గొలుసు విప్పించడానికి దానికి చేతుల్లేవు. పాత చట్టం ప్రకారం స్వాధీనం ఇప్పించేటప్పుడు చుట్టుపక్కల వాళ్ళకి తెలిసేలా టముకు వెయ్యాలి. చుట్టుపక్కల ఉన్నది నాచు. దాలయ్య లాంచీ ముందర నిలబడి నాచుకి వినబడేలా టముకు వేశాడు. "రెండువందల పన్నెండో నంబరు... స్వాధీనం... వాది గారికి..." అని నీళ్ళ మీద అరిచాడు. ఆయనకే నవ్వొచ్చి, మా ముఖాలు చూసి ఆపుకున్నాడు.

"నాదేం లేదమ్మా ఇందులో" అన్నాడు నాతో.

"తెలుసు. ఎవరిదీ ఏమీ ఉండదు. అదే కదా తమాషా."

మావాళ్ళు ఆయనకి అన్నం పెట్టారు. చందువా పులుసు. "తినకుండా చెయ్యకూడదండి ఇలాటి పని, కడుపులో నెప్పొస్తది" అన్నాడు ఏసుబాబు బాబాయ్. దాలయ్య తల వంచుకుని తిన్నాడు, రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మనల్ని ముంచడానికి వచ్చినవాడికి ముళ్ళు తీసి పెడుతున్నారా!" అని అరిచాను. ఆడవాళ్ళు నన్ను కసిరారు. ఆకలితో ఉన్నవాడి ముందు ఆ మాటలేమిటని.

అన్నం అయ్యాక ఇంకో పని పెట్టుకున్నారు. వెళ్ళేముందు శుభ్రం చెయ్యాలట. మునిగి మునిగి రైసుమిల్లు చుట్టూ మా పాత వలలు, విరిగిన డ్రమ్ములు, సీసాలు ఏరుకొచ్చారు. ఒకరి నేల మీద మన చెత్త వదిలి వెళ్తామా అని. నేను ఒక్కదాన్నే ఏరలేదు. డ్రమ్ములన్నీ మళ్ళీ తట్టి చూసుకుంటూ కూర్చున్నాను. కట్ట అవతలి అల నా అతుకుల మీద ఎలా కొడుతుందో నాకు తెలుసు. ఏవి ముందు పోతాయో కూడా తెలుసు. వాటిని మార్చడానికి కొత్త డ్రమ్ములు లేవు.

గొలుసు మీది గుల్లలు గొడ్డళ్ళతో కొట్టి రాల్చారు. పన్నెండేళ్ళ సాక్ష్యం చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారిపోయింది. చివరి కొక్కెం విప్పాల్సింది ప్రతివాదుల తరపు ప్లీడరని డిక్రీలో రాసి ఉంది, తర్వాత ఎవరూ బలవంతం అనకుండా. కొక్కెం నా చేతిలో పెట్టారు.

దాలయ్య కాగితం మీద సంతకాలు అయ్యాక అడిగాడు. "ఎటు పోతున్నారో రాసుకోవాలండి."

"ఇంకెటు" అన్నాడు ఏసుబాబు బాబాయ్. "కట్ట అవతలికే."

నులక మంచం మీద కూర్చోబెట్టిన సూరాయమ్మ మామ్మ అప్పుడు నోరు విప్పింది. "బాబూ, అమీను గారూ. కట్ట అవతల నేల ఎవరిదండి?"

"ఎవరిదీ కాదండి మామ్మగారూ. అక్కడ సర్వే చెయ్యలేదు."

"ఎవరిదీ కాదా?"

"ఆయ్. ఎవరిదీ కాదు."

మామ్మకి ఆ మాట మింగుడు పడలేదు. మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. అంత దూరం నీళ్ళలోకి చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ ఆవిడ ముఖంలో అవమానం చూశాను, ఏడుపు చూశాను. భయం ఇప్పుడే చూశాను.

"మరైతే ఎవర్ని అడిగి ఉండాలే మరిడీ?" అంది. "నువ్వు ప్లీడరువి గదా, చెప్పు. ఎవర్నడగాలి?"

తెప్ప మీద అందరూ నా వైపే చూస్తున్నారు. దాలయ్య కూడా.

"ఎవర్నీ అడగక్కర్లేదు మామ్మా."

"అడక్కండా ఎలా ఉంటామే?" అంది.

కొక్కెం విప్పేశాను. తెప్ప కదిలింది.